పచ్చదీపం గది

ఉమియోలో డిసెంబరు.
మధ్యాహ్నం రెండింటికే పొద్దు వాలిపోతుంది,
నది వంతెన మీద బస్సులు రోజంతా దీపాలు వేసుకునే తిరుగుతాయి.
అయినా చాలదన్నట్టు
నేలమాళిగలో మేము ఇంకాస్త చీకటిని పెంచుతున్నాం.

మూడో నంబరు గది. తలుపుకి రెండు నల్లతెరలు.
ట్రేలలో బార్లీ మొలకలు, వయసు ఏడు రోజులు,
వెలుగు మొహం ఎరగనివి.
పాలిపోయి, సన్నగా, ఉన్నదానికంటే పొడుగు సాగి
కొసల్లో మాత్రం కాస్త పసుపు.

లోపల ఒకే ఒక్క బల్బు, ఆకుపచ్చది.
"ఆ రంగుని ఇవి పెద్దగా పట్టించుకోవు," అంది గున్వోర్ మొదటిరోజే.
ముప్పయ్యొక్కేళ్లుగా ఆవిడ ఆ గుడ్డి వెలుగులోనే
వేలితో మట్టి తడి చూసి నీళ్లు పోస్తోంది.

ఒక ఆకుని కోసి చూపించింది,
వజ్రపు కత్తితో, వెంట్రుక మందంలో వెయ్యో వంతు.
తెరమీద ఒక జాలీ.
గొట్టాలు గొట్టాలుగా తమలో తామే అల్లుకున్న పొర,
ఎటు చూసినా ఒకటే లెక్క తప్పని అల్లిక.
"ఇది ఇల్లు కాదు. ఇంటి సామాను.
గోడలూ అరుగులూ అన్నీ ఒక్క ఉండగా చుట్టి దాచుకుంది."
అందులోనే రంగు కూడా ఉందట,
ఒక్క అడుగు దూరంలో ఆగిపోయి.
ఆ అడుగు చీకట్లో పడదు.

మర్నాడు పొద్దున ఆరింటికి దీపం వేయాలని రాసిపెట్టుకున్నాం.
ఆ రాత్రి పదకొండుంబావుకి
చెత్తబుట్టల బండి తోసుకుంటూ త్సెహాయ్ వచ్చింది.
తలుపు మీది హెచ్చరిక కాగితం ఎప్పుడో ఊడి బండి చక్రానికి అంటుకుంది.
తెరలు జరిపి, రోజూ అన్ని గదుల్లో చేసినట్టే
గోడమీద స్విచ్చి నొక్కింది.

నాలుగు ట్యూబులైట్లు.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు.
ఆమె చేతిలో బుట్ట అలాగే గాల్లో ఆగింది,
కళ్లలో అప్పుడే వచ్చే నెల అద్దె లెక్క మొదలైంది.
గున్వోర్ గడియారం చూసింది.
"పదకొండూ పదహారు. రాసుకో.
ఆర్పకు."

ఇక ముగ్గురికీ నిద్ర లేదు.
పావుగంటకో ఆకు కోయడం, మందులో ముంచడం.
సీసాల మీద అంకెలు త్సెహాయ్ రాసింది,
అస్మారా బడిలో లెక్కలు చెప్పిన చెయ్యి,
ప్రతి ఏడు నడుముకీ ఒక అడ్డగీత.

తెల్లారేసరికి ట్రేల రంగు మారింది.
పచ్చ అనే మాట ఒక్కటే కదా,
దాని ముందు పసుపు నిలబడాలా, ఆకు నిలబడాలా అన్నదే
ఆ రాత్రి తేలుతున్న సంగతి.

మూడు వారాలకు కోతలన్నీ తెరమీదికి వచ్చాయి.
మొదటి సీసాలో జాలీ కట్టు వదులైంది.
తర్వాతి వాటిలో గొట్టాలు విప్పుకుని చదునై
కణం పొడుగునా బారులు తీరాయి.
చివరి సీసాలో, ఒక్కచోట,
రెండు పొరలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి.
"రెండు రొట్టెలకి దొంతర అనరు," గున్వోర్ పెదవి విరిచింది.
"మూడోది పెనం మీదుంటే అంటారు,"
అంది తలుపు దగ్గర బండితో నిలబడ్డ త్సెహాయ్.

నాకు అర్థం కానిది వేరే ఉంది.
ఈ పొరకి కావలసిన కొవ్వు తయారయ్యేది అంచు గోడలో.
మధ్యలో అంతా నీళ్లు.
నీళ్లు దాటి కొవ్వు లోపలికి ఎలా వస్తుంది?
ఉంగరాలుగా చుట్టుకునే ప్రోటీన్ ఒకటుంది,
అది మోస్తుందా, అతుకు వేస్తుందా,
చిరిగేచోట కాపలా కూర్చుంటుందా?
కిటికీలో జాడీనిండా నీలాకుపచ్చ నాచు,
ఈ ఆకుల లోపలి పచ్చదనానికి ముత్తాతల వంశం.
దాన్ని అడిగినా ఇదే మౌనం:
ప్రతి బిడ్డ కణానికీ తల్లి పొరల్లో వాటా వస్తుంది,
మొదటి పొర కట్టినవాళ్లని చూసిన సాక్షి లేదు.

గున్వోర్ పుస్తకంలో ఆ ప్రశ్నకి పెన్సిలుతో ఒక గీత గీసి వదిలేసింది.
పై పేజీలో "వెలుగు మూలం" అన్న గడిలో
ట్యూబులైట్లు అని నేను రాసింది కొట్టేసి
త్సెహాయ్ అని రాసింది.
పరధ్యానం అనుకున్నాను.
వాళ్ల భాషలో ఆ పేరుకి అర్థమేమిటో
జూన్ దాకా నేను అడగనేలేదు.